గీత బయట జనం

ఈల ఎట్లా ఊదాలో ట్రైనింగులో మీకు నేర్పించే ఉంటారు. కోర్టు కొలతలు, జట్టుకు ఎంతమంది, ఏ తప్పుకు ఏ శిక్ష, అన్నీ పుస్తకంలో ఉంటాయి. కూర్చుని చదివితే వస్తాయి. పుస్తకంలో రాయనిది ఒకటుంది. నేల మీద సున్నంతో గీత గీయడం ఆలస్యం, దాని చుట్టూ జనం మూగుతారు. గీత లోపల ఆడేవాళ్ళను ఎవరైనా ఆడించగలరు. గీత బయట నిలబడి చూసేవాళ్ళతో ఏం చేయాలన్నదే ఈ ఉద్యోగం. అది అర్థమయ్యేసరికి నా సర్వీసు సగం గడిచిపోయింది.

నేను ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. మీరిప్పుడు వ్యాయామోపాధ్యాయులు అంటున్నారు, బాగుంది. నా ఇంక్రిమెంట్ల గురించీ బదిలీల గురించీ రాస్తే మీకేం లాభం లేదు. నా మెప్పుల గురించి రాస్తే నాకే సిగ్గు. నేను చేసిన తప్పులు మాత్రం పనికొస్తాయి. అవి మీరూ చేస్తారు కాబట్టి.

వాళ్ళను ఏమని పిలవాలి

ట్రైనింగులో మాకు ఒకే ఒక్క మాట చెప్పారు: ప్రేక్షకులు. ఆ మాట పట్టుకుని ఉదయగిరిలో బొగ్గుతో నడిచే బస్సు దిగాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. తెల్ల నిక్కరు, మెడలో ఈల, కాళ్ళకు కాన్వాసు బూట్లు. దిగీదిగగానే నా చుట్టూ జనం. ఒక ముసలాయన పక్కాయన్ని గట్టిగానే అడిగాడు.

"ఏందబ్బా ఇది, మీసాలొచ్చినోడు చిన్నపిల్లోడి గుడ్డలేసుకోనుండాడే?"

"కొత్త అయివోరంట. ఎగరడం నేర్పిస్తాడంట."

"ఎగరడం నేర్పేదానికి జీతమా? మా మేకపిల్లలకి ఎవురిచ్చినారు?"

అందరూ నవ్వారు. ఆ రోజు వాళ్ళు చూసేవాళ్ళు, నేను ఆట. ఆ ఊరితో నా పరిచయం అట్లా మొదలైంది.

కొద్ది నెలల్లోనే తెలిసింది, ఆ 'ప్రేక్షకులు' అనే మాటతో అక్కడ పని జరగదని. ఆ ఊళ్ళలో చూసేవాళ్ళు ఒక జాతి కాదు, నాలుగైదు జాతులు. వేడుక చూసేవాళ్ళు కొందరు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పిల్లలకు శనక్కాయలు కొనిపెట్టి, ముందుగా వచ్చి నీడ చూసుకుని కూర్చుంటారు. ఎవరు గెలిచినా సంతోషమే. వీళ్ళు మన దేవుళ్ళు. తమాషా చూసేవాళ్ళు వేరు. వాళ్ళు ఆట కోసం రారు, ఆటలో కొట్లాట వస్తుందేమోనని వస్తారు. రాకపోతే కాస్త నిప్పు రాజేస్తారు, అంటుకోగానే సరిగ్గా దెబ్బ తగలనంత దూరం జరుగుతారు. చోద్యం చూసేవాళ్ళు మూడో రకం. ఎదుట మనిషి పడిపోతుంటే నోరు తెరుచుకుని నిలబడతారు. చెడ్డవాళ్ళు కారు. కదలాలని తోచదు, అంతే.

ఇక సాక్షి. ఈ మాట ఎత్తితే చాలు, మైదానం ఖాళీ. గొడవ జరిగిన మరుసటి రోజు పోలీసులు వచ్చి అడిగితే ఊరంతా ఒకటే మాట: "నేను చూడలా సార్, అప్పుడే బీడీ ముట్టించుకుంటా మొహం అటు తిప్పుకున్నా." ఒకే నిమిషంలో ఊరి మగాళ్ళంతా బీడీ ముట్టించుకోవడం ఎట్లా కుదిరిందో దేవుడికే తెలియాలి!

నన్నడిగితే ఈ రకాలన్నీ ఒకే మనిషిలో ఉంటాయి. ఏ రోజు ఏది బయటికొస్తుందన్నది సగం మన చేతుల్లో ఉంటుంది. ఆ సంగతి నాకు ఒక దెబ్బతో తెలిసింది.

పేరు పెట్టి పిలవండి

ఉదయగిరిలో మా ఆటస్థలం కొండ కిందే ఉండేది. సాయంత్రం కొండనీడ పడగానే ఆట మొదలు, జనమూ మొదలు. వాళ్ళలో మస్తాన్ అని చెక్క గరిటెలు చేసే కుర్రవాడు రోజూ వచ్చేవాడు. చేతిలో చెక్కా ఉలీ, కళ్ళేమో ఆట మీద. గరిటెలు ఎట్లా కుదిరేవో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఒకనాడు చెడుగుడు ఆడుతూ శీనయ్య అనే విద్యార్థి మెలి తిరిగి పడ్డాడు. మోచెయ్యి ఉండాల్సిన చోట లేదు. క్షణంలో చుట్టూ జనం గోడ కట్టేశారు. గాలి ఆడడం లేదు. నేను ఈల ఊదుతూ కేకలు వేస్తున్నాను, "ఎవరైనా రండి! మంచం తెండి! ఎవరైనా నీళ్ళు తెండి!"

ఎవరూ కదల్లేదు. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"ఇరిగిపోయినట్టుండాది రా."

"ఇరగలేదులేబ్బా, తొలిగింది. మా బావకి ఇట్టనే అయింది."

"మీ బావకి కాలు గదరా."

కుర్రవాడు నొప్పితో మెలికలు తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆ గుంపులో నాకు పేరు తెలిసిన మొహం ఒక్కటి కనపడింది. "మస్తాన్! నువ్వు రా! తల కింద చెయ్యి పెట్టు!" అన్నాను. సగం చెక్కిన గరిటె అక్కడే పారేసి దూకాడు మస్తాన్. వాడికి అందరి పేర్లూ తెలుసు. "ఒరే సుబ్బడా, కాళ్ళు పట్టుకో. ఓబులన్నా, మంచం నీది దగ్గర, పట్రా పో." అంతే, గోడ కరిగిపోయింది! ఇంతసేపూ బొమ్మల్లా నిలబడ్డవాళ్ళే పరుగులు. మంచం వచ్చింది, నీళ్ళొచ్చాయి, ఎవరో తలపాగా చింపి కట్టు కట్టారు. మంచాన్ని మోసుకుంటూ ఆసుపత్రికి పరుగెడుతుంటే వెనక ఊరేగింపులా జనం! నా ఒళ్ళు పులకరించింది. వాళ్ళకు మనసు లేక కాదు, 'ఎవరైనా' అనే పేరు గలవాడు వాళ్ళలో లేక నిలబడ్డారు.

కాబట్టి మీరు ఏ ఊరు పోయినా మొదటి వారం చేయాల్సిన పని, గీత బయట కూర్చునే నలుగురి పేర్లు తెలుసుకోవడం. గుంపును పిలిస్తే గుంపు రాదు. మనిషిని పిలిస్తే వస్తాడు.

ఇంత చక్కని పాఠం చేతికి అందితే నేనేం చేశానో వినండి. మరునాడు మా హెడ్మాస్టరు గారు పిలిచి, "జనాన్ని దూరంగా ఉంచలేకపోతే ఆటలెందుకయ్యా? పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చావు" అన్నారు. ఆయన మంచివాడే, భయంతో అన్న మాట అది. నాకు మాత్రం అహం దెబ్బతింది. నాలుగు వైపులా తాడు కట్టాను. చేతిలోకి బెత్తం వచ్చింది. తాడు కింది నుంచి ఒక తాతగారి కాలు లోపలికి వస్తే ఆ బెత్తంతో పిక్క మీద ఒకటి వేశాను. ఆయన కాలు మెల్లగా వెనక్కి తీసుకుని, "కొట్టినావులే అయివోరా, గానీ కొంచెం పక్కకి జరుగు, ఆట కనపళ్ళా" అన్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను పక్కకు జరిగాను గానీ క్షమించమని అడగలేదు. ఆయన పేరు కూడా కనుక్కోలేదు.

ఎదటి ఊరిని అడిగే పద్ధతి

దుత్తలూరు, వరికుంటపాడు వైపు పల్లెల్లో పొలం పనులు తగ్గిన రోజుల్లో ఊరికీ ఊరికీ చెడుగుడు పందాలు జరిగేవి. రెఫరీ అనేవాడు లేడు. ఈలా లేదు. అయినా ఆట సాగేది! ఎట్లా సాగుతుందో చూద్దామని ఒకసారి వెళ్ళాను. అక్కడే యేసేపును మొదటిసారి చూశాను.

యేసేపుది దుత్తలూరు దగ్గరి పాలెం. మిషను బడిలో చదివి ఎస్సెల్సీ గట్టెక్కాడు. తండ్రి దేవదానం రోడ్డు పనిలో కంకర కొట్టేవాడు. చదువైతే అయింది గానీ ఉద్యోగం రాక కొడుకూ ఆ కంకర దగ్గరికే పోతున్నాడు. మనిషి సన్నగా చువ్వలా ఉంటాడు. కానీ కూతకు బయలుదేరితే, అబ్బ! చెడుగుడు చెడుగుడు చెడుగుడు అంటూ ఎక్కడా అతుకు లేకుండా, తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే నాదం. "ఇంత ఊపిరి ఎక్కడిదిరా?" అంటే, "ఆదివారం గుళ్ళో పాటలు పాడతా గద సార్" అన్నాడు.

ఆ ఆటలో తగువు వచ్చింది. కూతకు వచ్చినవాడు తాకాడంటారు వరికుంటపాడు వాళ్ళు, తాకలేదంటారు దుత్తలూరు వాళ్ళు. కర్రలు లేస్తాయనుకున్నాను. లేవలేదు. వరికుంటపాడు పెద్ద ఒకాయన దుత్తలూరు జనం కూర్చున్న వైపు వెళ్ళి నిలబడి, "మా వాడు మీ వాణ్ణి తాకినాడా లేదా, మీరే జెప్పండప్పా" అన్నాడు. తన ఊరి జనాన్ని కాదు, ఎదటి ఊరి జనాన్ని!  ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి దుత్తలూరు ముసలామె ఒకామె, "తాకినాడు లేబ్బా, చొక్కా కదిలింది" అంది. అంతే. దుత్తలూరు ఆటగాడు మారుమాట్లాడకుండా పోయి చచ్చినవాళ్ళ వరసలో కూర్చున్నాడు.

పక్కనే కూర్చుని చూస్తున్న దేవదానాన్ని అడిగాను, "వాళ్ళు అబద్ధం చెబితేనో?"

"చెప్తారు సార్. ఒక తూరి చెప్తారు. ఆ పైన ఆ ఊరిని ఎవురూ ఆటకి పిలవరు."

"సాక్ష్యం చెప్పమంటే జనం పారిపోతారు గదయ్యా?"

"పోలీసాయన పిలిస్తే పారిపోతారు. మా గుళ్ళో ఆదివారం ఎవురూ పిలవకుండానే లేచి సాక్ష్యం జెప్తారు. పిలిచే మనిషిని బట్టి ఉంటాది సార్."

ఇది విని నేను చేతులు జోడించాల్సింది. ట్రైనింగు సర్టిఫికేటు గల నేను ఏం చేశానంటే, ఇదంతా మోటు పద్ధతి అన్నాను. మా జట్లన్నిటికీ చెప్పాను: ఇకనుంచి రెఫరీ మాటే మాట, చూసేవాళ్ళు చూడ్డానికే, వాళ్ళను అడిగితే ఆట నుంచి తీసేస్తాను. నా ఈల వెళ్ళిన చోటల్లా ఆ పద్ధతి పోయింది. అప్పటికి మా జట్టులో చేరిన యేసేపు మాత్రం ఒకసారి అన్నాడు, "సార్, మీకు కనపడకపోతే ఎట్ట?" అని.

"నాకు కనపడనిది కోర్టులో జరగదు" అన్నాను నేను.

 మీలో కొందరు ఇప్పుడే ఈ మాట అంటుంటారు. అనకండి.

ఆత్మకూరులో ఆ సాయంత్రం

తర్వాత నన్ను ఆత్మకూరుకు వేశారు. పెద్ద ఊరు, పెద్ద జనం, మంచి అరుపులు! అక్కడ నాకు పెంచలయ్య దొరికాడు. ఎస్సెల్సీ పాసై ఖాళీగా ఉన్న కుర్రవాడు. పట్టు పట్టాడంటే ఎద్దు కూడా కదలదు. తండ్రి లేడు. తల్లి రవణమ్మ బస్సులు ఆగే చోట బొరుగులు అమ్మి సాకింది. ఆమె గొంతు బస్సు హారను కంటే ముందు వినిపించేది. ప్రతి ఆటకూ వచ్చేది, ఎదటి జట్టును తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది. "ఒరే ఉదయగిరోడా, కూతా అది, దోమ మూలిగినట్టుండాది! కొండ మీద గాలి తాగి వచ్చినావా, గంజి తాగి రాకూడదంట్రా?" ఎదటి జట్టు పిల్లలు కూడా నవ్వు ఆపుకోలేక కూత తెంచుకునేవాళ్ళు.

ఆ ఏడు మద్రాసులో డ్రిల్లు మాస్టరు ట్రైనింగుకు మా వైపు నుంచి ఒక్కణ్ణి పంపే అవకాశం వచ్చింది. ఖర్చు సర్కారుది, తిరిగొస్తే ఉద్యోగం. నేను రెండు పేర్లు పంపాను. యేసేపు, పెంచలయ్య. ఒకడికి ఆ సీటు దక్కకపోతే కంకర, ఇంకొకడికి దక్కకపోతే లారీ క్లీనరు పని. నెల్లూరు నుంచి ఆటల ఇనస్పెక్టరు గారు స్వయంగా వచ్చి, "ఉదయగిరికీ ఆత్మకూరుకూ ఆట పెట్టు. ఇద్దరినీ చూస్తాను. ఎవడి పేరు రాయాలో ఆట అయ్యాక నువ్వే చెప్పు, వాళ్ళను ఎరిగినవాడివి" అన్నారు.

ఆ జనాన్ని మీరు చూసి ఉండాల్సింది! మర్రిపాడు నుంచి లారీల మీద వచ్చారు. ఉదయగిరి నుంచి బస్సు టాపు మీద కూర్చుని వచ్చారు. కోర్టుకు ఒక పక్క కాడి దించిన ఎడ్లబండ్లు వరసగా నిలబెట్టి వాటి మీద ఆడవాళ్ళు. ఇంకో పక్క కుర్చీలు, ఇనస్పెక్టరు గారు, పెద్దమనుషులు. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఒకటే హోరు. ఒకసారి వీళ్ళు చావడం, వాళ్ళు లేవడం, మళ్ళీ వాళ్ళు చావడం! చివరికి ఉదయగిరి జట్టులో యేసేపు ఒక్కడే మిగిలాడు. ఆత్మకూరు వైపు పెంచలయ్య, ఇంకో ముగ్గురు. యేసేపు చస్తే ఆట ఆత్మకూరుది. నలుగురినీ తాకి కూత తెగకుండా మధ్యగీత దాటితే ఉదయగిరిది.

యేసేపు నేలకు దణ్ణం పెట్టి కూత అందుకున్నాడు. చెడుగుడు చెడుగుడు చెడుగుడు! లోపలికి పోయాడు. వంగాడు, ఎగిరాడు, ఒకణ్ణి కాలితో అందుకున్నాడు. బండ్ల మీద నుంచి రవణమ్మ కేక: "పట్టరా పెంచలా! జారిపోతాడు, బురదమట్టగిడస నాయాలు!" పెంచలయ్య మొల పట్టాడు. మిగతా ముగ్గురూ మీద పడ్డారు. యేసేపు నేల మీద పాకుతున్నాడు, నలుగురినీ ఈడ్చుకుంటూ! బండ్ల వైపు మధ్యగీత చివర దాకా వచ్చాడు. చెయ్యి చాచాడు. వేళ్ళకూ గీతకూ మధ్య బెత్తెడు జాగా. జనం ఎప్పుడో తాడు తెంచుకుని గీత దాకా వచ్చేశారు. "తెగింది! కూత తెగింది!" అని ఆత్మకూరంతా అరిచింది. ఆ అరుపుకు నా చెవులు గింగిర్లెత్తాయి.

ఈల ఊదాను. "కూత తెగింది! యేసేపు అవుట్!"

నేను ఎక్కడ నిలబడి ఊదానో చెప్పాలి. రెఫరీ ఉండాల్సింది బండ్ల వైపు, యేసేపు నోటి దగ్గర. నేను కుర్చీల వైపు ఉన్నాను. ఇనస్పెక్టరు గారికి నేను కనపడాలని ఆట సాగినంతసేపూ అటే ఉన్నాను. నాకూ యేసేపు నోటికీ మధ్య నలుగురు ఆటగాళ్ళ వీపులు. నేను కూత వినలేదు, తెగడమూ వినలేదు. ఆత్మకూరు వాళ్ళకు నేనంటే ఇష్టం, ఆ ఇష్టం పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. జనం అరిచారు, నేను ఊదాను. అంతే జరిగింది.

మైదానం ఎగిరి గంతులేసింది. టోపీలు పైకి లేచాయి. ఎవరో పెంచలయ్యను భుజాల మీదికి ఎత్తబోయారు. యేసేపు ఇంకా నేల మీదే ఉన్నాడు. చాచిన చెయ్యి అప్పటికే గీత అవతల ఉంది. నా వైపు చూశాడు, జనాన్ని మాత్రం అడగలేదు. 'చూసేవాళ్ళను అడిగితే ఆట నుంచి తీసేస్తాను' అని వాడికి చెప్పింది నేనే కదా.

అప్పుడు బండ్ల మీద నుంచి ఆ గొంతు.

"అయివోరూ! కూత తెగలా!"

హోరు కొంచెం తగ్గింది.

"తెగలా అంటుండా! ఈడ నా కాళ్ళ కాడే గదా కూస్తా ఉండాడు! గీత తాకినంక గూడా కూస్తానే ఉండాడు!"

గుంపులోంచి ఒకడు, "రవణక్కా, నీకేమన్నా పిచ్చా? నీ కొడుకు గెలిచినాడు. నోరు మూసుకో!"

"నోరు మూసుకుంటా, చెవులెట్ట మూసుకునేదిరా?"

"మన ఊరు పరువే!"

"ఊరు పరువు నువ్వు చూసుకో. నేను కూత విన్నా."

ఆమె నోరు మూయించడానికి నాకు ఒక్క వాక్యం అక్కరకొచ్చింది. కుర్చీల వైపు ఒకసారి చూసి, "అమ్మా, మీరు చూసేవాళ్ళు. ఆటలో మీకు మాట లేదు. రెఫరీ చెప్పిందే తీర్పు" అన్నాను. గొంతు గంభీరంగానే వచ్చింది.

ఆమె నన్ను వదిలేసి కొడుకును చూసింది. "ఒరే పెంచలా, నీకు వినపళ్ళేదంట్రా? నీ మొహం వాడి ఈపు మీదనే గదా ఉండింది?"

పెంచలయ్య నేల చూపులు చూస్తున్నాడు. భుజాల మీదికి ఎత్తబోయినవాళ్ళ చేతులు ఇంకా వాడి మీదే ఉన్నాయి. ఊరంతా వాణ్ణే చూస్తోంది. వాడు మెల్లగా ఆ చేతులు విడిపించుకున్నాడు. నడిచి పోయి చచ్చినవాళ్ళ వరసలో కూర్చున్నాడు.

"ఏందిరా? నేను నీకు అవుటివ్వలేదు, ఎందుకు పోతున్నావు?" అన్నాను.

"మాయమ్మ జెప్పింది గద సార్. యేసేపోళ్ళకి మేమే గదా ఎదటి ఊరు."

ఆ పద్ధతిని నేను ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా చెరిపేశాననుకున్నాను. నా కోర్టు లోపల మాత్రమే చెరిపేశాను. గీత బయట అది బతికే ఉంది! మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు గొణుక్కుంటూ పోయి కూర్చున్నాడు. రెండోవాడూ పోయాడు. మూడోవాడు, "వినపడింది సార్, నేనే జెప్పలా" అని పరుగెత్తినట్టే పోయాడు. కోర్టులో యేసేపు ఒక్కడే!  తర్వాత లేచింది చూడండి హోరు! ఉదయగిరి వాళ్ళదీ ఆత్మకూరు వాళ్ళదీ కలిసిపోయి, ఎవరి అరుపు ఎవరిదో తెలియని హోరు! ఇంతకుముందు రవణమ్మను నోరు మూసుకోమన్నవాడే తలపాగా విప్పి గిరగిరా తిప్పుతున్నాడు. వేడుకా, తమాషా, చోద్యం, సాక్ష్యం అన్నీ ఆ మైదానంలో ఒకేసారి చూశాను. 

ఇనస్పెక్టరు గారు లేచి నా దగ్గరికి వచ్చారు. "నువ్వు అవుటిచ్చావు. వీళ్ళు పోయి కూర్చున్నారు. ఏది నిజమయ్యా? కూత తెగడం నీకు వినపడిందా?"

జనం మళ్ళీ గీత దాకా వచ్చారు. ఈసారి నన్ను చూడ్డానికి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అవునంటే ఆట ముగిసిపోతుంది, పరువు నిలుస్తుంది, యేసేపు కంకరకు పోతాడు. కాదంటే, వినకుండానే ఈల ఊదే రెఫరీని ఎవరు ఉంచుకుంటారు?

"వినపడలేదు సార్," అన్నాను. "తెగడమూ వినలేదు, తెగకపోవడమూ వినలేదు. జనం అరిస్తే ఊదాను. తప్పు నాదే."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "రెఫరీ కళ్ళు కుర్చీల మీద పెట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది" అన్నారు. గట్టిగానే అన్నారు, నలుగురూ విన్నారు. ఆ ఏడు నన్ను పర్మనెంటు చేయలేదు. చేయకపోవడమే న్యాయం. తర్వాత ఆయన కలం తీశారు. "సరే, ముందు అనుకున్నదే. ఎవడి పేరు రాయాలో నువ్వు చెప్పు."

యేసేపు మోకాళ్ళు దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. ఇద్దరి వీపులూ ఒకే మట్టిలో దొర్లినవే. పెంచలయ్య చచ్చినవాళ్ళ వరసలోనే ఉన్నాడు. రవణమ్మ బండి దిగి వచ్చి వాడి పక్కనే నిలబడింది, కొంగుతో వాడి మెడ మీది మట్టి తుడుస్తోంది. నేను ఏం చెబుతానో ఆమెకు తెలుసు. బండి మీద నోరు తెరిచినప్పుడే తెలుసు.

"యేసేపు సార్," అన్నాను.

ఆయన రాసుకున్నారు. యేసేపు ఒక్క దూకులో పెంచలయ్య దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. ఇద్దరూ ఏదో అనుకున్నారు, జనం గోలలో నాకు వినపడలేదు. ఈసారి విన్నట్టు నటించలేదు.

రవణమ్మ నా ముందు ఆగింది. ఏం తిడుతుందోనని తల వంచుకున్నాను. ఆమె మాట్లాడబోతే, అరిచి అరిచి గొంతు పోయింది. రెండుమూడుసార్లు దగ్గి, బొంగురుగా అంది:

"ఆ వినపళ్ళేదన్న మాటేదో ఈల ఊదక ముందే జెప్పుంటే, నా గొంతన్నా మిగిలేది గదయ్యా."